ముందు పోయినేటి చీటీ తియ్యండి

మా అమ్మాయి వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ ఉంది. పోయినేడు మార్చిలో నేను అంటించిందే. అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద జట్లు ముప్పై, ఒక్కో జట్టు ఆడేది 162 ఆటలు. ఏ జట్టు ఎన్ని గెలుస్తుందో వరసగా రాసి, అడుగున తేదీ వేసి సంతకం పెట్టాను. సెప్టెంబరులో ఆరు నెలల గడువు తీరి అమలాపురం వెళ్ళిపోయాను. ఈ నెల మళ్ళీ వచ్చి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ దగ్గరకు వెళితే చీటీ అక్కడే ఉంది, కాకపోతే ఇప్పుడు దాని నిండా ఎర్ర సిరా. పదకొండేళ్ళ మా మనవరాలు ప్రతి జట్టు పక్కనా అసలు గెలుపులు రాసి, తేడా కట్టి, పెద్ద తేడాలకి సున్నా చుట్టింది.

"తాతయ్యా, అట్లాంటాకి 93 వేశావు. వాళ్ళు గెలిచింది 76" అంది, నేను ఇంకా గ్లాసు కూడా తియ్యకముందే.

మిల్‌వాకీకి 82 వేస్తే 97 గెలిచి ముప్పై జట్లలోనూ పైన కూర్చుంది. అంతకు ముందేడు 74 గెలిచిన టొరంటోకి దయతలచి 80 ఇచ్చాను. వాళ్ళు 94 గెలిచి, కప్పు తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఏడో ఆట పదకొండో ఇన్నింగ్స్ దాకా లాగి, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ చేతిలో ఒక్క పరుగుతో ఓడారు. ఆ డాడ్జర్స్‌కి నేను 102 వేశాను, సీజన్‌లో వాళ్ళు గెలిచింది 93. కొలరాడో ఎలాగూ బాగాలేదు కదా అని 59 రాస్తే 43 దగ్గర కూలబడింది. మా అమ్మాయి వాళ్ళ ఊరి జట్టు కాన్సస్ సిటీ రాయల్స్‌కి మాత్రం 83 వేస్తే 82 వచ్చింది. తలెత్తుకోగలిగిన లెక్క అదొక్కటే. మొత్తం మీద జట్టుకి సగటున ఎనిమిది ఆటలు తప్పానని మనవరాలు తేల్చింది.

నాకేం సిగ్గనిపించలేదు. ఎందుకో తర్వాత చెప్తాను. సీజన్ ఈ నెల 25న శాన్ ఫ్రాన్సిస్కోలో యాంకీస్–జెయింట్స్ ఆటతో మొదలవుతోంది. టీవీ పెడితే చాలు, సూటేసుకున్న పెద్దమనుషులు నలుగురు కూర్చుని ఈసారి ఎవరు గెలుస్తారో చెప్తున్నారు. వాళ్ళలో ఎందరి ఇంట్లో ఫ్రిజ్ మీద ఎర్ర సిరా చీటీ ఉందో తెలుసుకోవాలని ఉంది నాకు.

నేను గణాంక శాఖలో చేసి రిటైరయ్యాను. మా బతుకంతా సార్వాకీ దాళ్వాకీ పంట కోత ప్రయోగాలు. ర్యాండమ్ నంబర్ల పట్టిక చూసి ఊరినీ, సర్వే నంబరునీ, చేనునీ ఎంచుకోవాలి. చేను నైరుతి మూల నిలబడి, పట్టికలో ఎన్ని వస్తే అన్ని అడుగులు పొడవునా, అన్ని అడుగులు అడ్డంగా నడిచి, అక్కడ అయిదు మీటర్లకి అయిదు మీటర్ల చదరం కొలిచి, మూలల్లో మేకులు కొట్టి తాడు కట్టాలి. లోపలున్నది కోయించి, నూర్పించి, తూయించాలి. రైతు గట్టుమీద నిలబడి ఊరుకోడు. పంట బీమా లేని ఏడు "ఇక్కడేం కోస్తారండీ, అటు కాలవ పక్క చూడండి ఎలా పండిందో" అంటాడు. బీమా కట్టిన ఏడు అదే రైతు "అటు వద్దండీ, ఇదిగో పడిపోయిన చోట కొయ్యండి" అంటాడు. అంకె ఎక్కడ పడితే అక్కడే కోసేవాళ్ళం. కొయ్యాలి.

ఆ చదరం 25 చదరపు మీటర్లు. ఎకరంలో అలాంటివి ఎన్ని పడతాయో భాగించి చూడండి, 162 వస్తుంది. బేస్‌బాల్ సీజన్‌లో ఆటలూ 162. కాకతాళీయమే గానీ, ఈ ఆట మీద నాకు మనసు కుదరడానికి సగం కారణం ఇదే. ఏప్రిల్ మొదటి వారంలో మూడు ఆటలు గెలిచిన జట్టుని చూసి "ఈ ఏడు వీళ్ళదే" అంటుంటే నాకు ఎకరంలో మూడు చదరాలు కోసి బస్తాలు లెక్క కడుతున్నవాడు గుర్తొస్తాడు.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు, బంతి నేలకి తగలనివ్వడు. ఒక్కో జట్టుకి తొమ్మిదేసి ఇన్నింగ్స్. మార్చి చివర నుంచి సెప్టెంబరు చివరిదాకా ఇంచుమించు రోజూ ఆటే. పన్నెండు జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. ఇందులో గొప్ప జట్టు కూడా పదింటికి ఆరే గెలుస్తుంది, చచ్చు జట్టు కూడా నాలుగు గెలుస్తుంది. ఎవడైనా 54 గెలుస్తాడు, ఎవడైనా 54 ఓడతాడు, యవ్వారమంతా మిగిలిన 54 తోనే అని ఇక్కడి పాతకాపులు అంటుంటారు. కొలరాడో పోయినేడు ఆ మొదటి 54 కూడా గెలవలేదనుకోండి. అంతకు ముందేడు షికాగో వైట్ సాక్స్ 41 గెలిచి 121 ఓడింది. ఆధునిక బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో అన్ని ఆటలు ఓడిన జట్టు ఇంకోటి లేదు.

ఇక నా ఎనిమిది తప్పుల సంగతి. మొన్న ఆదివారం మనవరాల్ని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, నా పర్సులో ఉన్న పది రూపాయల నాణెం ఇచ్చాను. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి, 162 సార్లు ఎగరెయ్యమన్నాను. ఎగరేసింది. 88 గెలుపులు. మళ్ళీ ఎగరెయ్యమన్నాను. నస పెడుతూనే ఎగరేసింది. ఈసారి 75. నాణేనికి ఫామ్ లేదు, భుజం నొప్పి లేదు, మేనేజరుతో గొడవ లేదు. రెండుసార్లూ అదే నాణెం. కానీ 88 గెలిచిన జట్టుని మర్నాడు పేపర్లు ఆకాశానికి ఎత్తుతాయి, 75 గెలిచిన జట్టు మేనేజరుకి ఉద్యోగం ఊడుతుంది.

లెక్కేమిటంటే, సరిసమానమైన జట్టు కూడా 162 ఆటల్లో 81కి అటో ఇటో ఆరు దాటి పోవడం మూడేళ్ళకోసారి జరిగే పనే. పన్నెండు దాటడం ఇరవయ్యేళ్ళకోసారి. ఆటగాళ్ళ సత్తా అంతా పూసగుచ్చినట్టు తెలిసిన దేవుడు దిగివచ్చి జోస్యం చెప్పినా, అదృష్టం ఒక్కదాని వల్లే ఆయన సగటున అయిదు ఆటలు తప్పుతాడు. నేను ఎనిమిది తప్పాను. అంటే నా అజ్ఞానం ఖాతాలోకి వచ్చేది మూడే. (ఇలా తీసివేతలు చెయ్యకూడదని మా శాఖవాళ్ళు లేఖలు రాస్తారు. నాకూ తెలుసు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు చేస్తాం.)

మన ఐపీఎల్‌లో లీగ్ దశలో జట్టుకి పద్నాలుగు ఆటలే. పోయినేడు సన్‌రైజర్స్ మొదటి ఆటలో 286 కొట్టగానే, ఈసారి 300 ఎవరిమీద కొడతారన్నదే చర్చ. తర్వాత వరసగా నాలుగు ఓడి, చివరికి ఆరో స్థానంలో తేలారు. పద్నాలుగు చదరాలకి జోస్యం చెప్పేవాడి ధైర్యానికి నేను ఏనాడూ అడ్డు చెప్పను, డబ్బు మాత్రం పెట్టను.

ఈ లెక్కల పిచ్చికి పుట్టిల్లు ఇక్కడికి దగ్గరే. ఇక్కడినుంచి ముప్పై అయిదు మైళ్ళ దూరంలో లారెన్స్ అనే ఊరుంది. 1970ల్లో బిల్ జేమ్స్ అనే ఆయన అక్కడ చిక్కుడు గింజల డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాసేవాడు. కాపలా కాస్తూ బేస్‌బాల్ అంకెలు తిరగేసేవాడు. 1977లో 68 పేజీల పుస్తకం సొంతంగా అచ్చేసుకుంటే అమ్ముడుపోయినవి 75 కాపీలు. పాతికేళ్ళ తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్ ఆయన్ని పిలిచి ఉద్యోగమిచ్చింది. 2004లో ఆ జట్టు 86 ఏళ్ళ కరువు తీర్చుకుంది.

ఆయన కట్టిన సూత్రం ఎనిమిదో తరగతి పిల్ల కూడా చెయ్యగలదు. జట్టు చేసిన పరుగుల్ని వర్గం చెయ్యండి, ప్రత్యర్థులకి ఇచ్చిన పరుగుల్నీ వర్గం చెయ్యండి. రెండూ కూడిన దానితో మొదటిదాన్ని భాగించండి. గెలవాల్సిన వాటా వచ్చేస్తుంది. 2015లో రాయల్స్ చేసినవి 724, ఇచ్చినవి 641. వర్గాలు 5,24,176, 4,10,881. భాగిస్తే నూటికి 56. 162 ఆటల్లో అది 91. నిజంగా గెలిచినవి 95. ఆ నాలుగూ దగ్గర దగ్గర ఆటల్లో కలిసొచ్చినవి. అలా కలిసొచ్చింది మరుసటేడు కూడా వస్తుందని రాసుకోకూడదు. జోస్యం చెప్పేవాడు ముందు చెయ్యాల్సిన పని ఇది: పోయినేటి గెలుపుల్లో ఎంత సత్తావో, ఎంత గాలివాటమో విడదీసుకోవడం.

ఆ 2015 కథ చెప్పకుండా ముందుకి పోలేను.

మనవరాలు పుట్టిందని 2014 సెప్టెంబరులో మొదటిసారి ఇక్కడికి వచ్చాను. ఆ నెల 30వ తేదీ రాత్రి పిల్ల నిద్రపోక గుక్కపెట్టి ఏడుస్తుంటే ఒళ్ళో వేసుకుని హాల్లో కూర్చున్నాను. అల్లుడు టీవీ ముందున్నాడు. రాయల్స్ 1985 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వచ్చిందట, ఓక్లాండ్‌తో ఒకే ఒక్క ఆట, ఓడితే ఇంటికే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 7–3తో వెనకబడ్డారు. "అయిపోయిందండీ మావయ్య గారూ, పడుకోండి" అన్నాడు. పిల్ల పడుకుంటేగా నేను పడుకోడానికి. పన్నెండో ఇన్నింగ్స్‌లో 9–8తో గెలిచారు. అర్ధరాత్రి పక్కిళ్ళలోంచి కేకలు. అక్కణ్ణుంచి వరల్డ్ సిరీస్ ఏడో ఆట దాకా వెళ్ళి, ఒక్క పరుగు తేడాతో ఓడారు.

మరుసటేడు ఫిబ్రవరిలో, నేను సామాన్లు సర్దుకుంటుండగా, అల్లుడు ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాడు. పెకోటా అనే కంప్యూటరు జోస్యం. నేట్ సిల్వర్ అనే ఆయన 2003 ప్రాంతంలో తయారుచేసింది, మనం ఎన్నికల జోస్యాల్లో వినే ఆ సిల్వరే. ప్రతి ఆటగాడికీ పాతకాలపు ఆటగాళ్ళలో పోలిక వెతికి, వయసు లెక్క చూసి, ముందు ఏం చేస్తాడో చెప్తుంది. పేరేమో బిల్ పెకోటా అనే మాజీ ఆటగాడిది. గొప్పవాడేం కాదు, బ్యాటింగ్ సగటు .249. ఆడింది ఎక్కువగా రాయల్స్‌కే. ఆ పేరు పెట్టుకున్న యంత్రం ఆ రాయల్స్‌కి 72 గెలుపులు వేసింది. మొన్న వరల్డ్ సిరీస్ ఆడిన జట్టుకి!

అల్లుడు మండిపడ్డాడు. నేను మాత్రం యంత్రం పక్షం వహించాను. "బాబూ, పోయినేటి గాలి మళ్ళీ వీస్తుందనుకోకూడదు, లెక్క లెక్కే" అని ఉపన్యాసం ఇచ్చి విమానం ఎక్కాను. నవంబరు 2న ఉదయం పదకొండు గంటల వేళ అమలాపురంలో ఫోను మోగింది. అవతల ఒకటే అరుపులు. న్యూయార్క్ మెట్స్‌ని పన్నెండు ఇన్నింగ్స్‌లో కొట్టి రాయల్స్ ఛాంపియన్లు. 95 గెలుపులు, కప్పు. "లెక్క లెక్కేనా మావయ్య గారూ" అన్నాడు అల్లుడు. ఇప్పటికీ అంటాడు.

యంత్రం ఎక్కడ తప్పింది? ఆ జట్టు చివరి మూడు ఇన్నింగ్స్‌కి దించే పిచర్లు మామూలువాళ్ళు కారు. వేడ్ డేవిస్ అనేవాడు ఆ ఏడు తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఒక పరుగు కూడా ఇవ్వలేదు. బ్యాటర్లు బంతి తగలకుండా ఔటయ్యేది లీగంతటిలోకీ తక్కువ. ఫీల్డింగ్ పాదరసం. ఇలాంటివి పాత లెక్కల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. అదృష్టం కొంత ఉంది, సరే. కానీ 23 ఆటల తేడాని అదృష్టం మీద తోసేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

పక్కింట్లో ఓ అమెరికన్ పెద్దాయన ఉన్నాడు. నా ఈడువాడే. రాయల్స్ 95 గెలుస్తుందని ప్రతి మార్చిలోనూ చెప్తాడు. 106 ఓడిన 2023లోనూ చెప్పాడు. 2015లో మాత్రం అక్షరాలా 95 వచ్చింది. ఇక ఆ ఒక్క సంవత్సరం పేరు చెప్పి పదేళ్ళుగా నన్ను ఆడుకుంటున్నాడు. ఆయన్ని చూస్తే నాకు కోపం రాదు, ఎందుకంటే ఆయన అభిమాని. ఆయన చేసే పనే నిపుణుడనే బోర్డు పెట్టుకుని చేసేవాళ్ళతోనే నా పేచీ.

1987లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక క్లీవ్‌ల్యాండ్ జట్టుని అట్టమీద వేసి, అమెరికన్ లీగ్‌లో ఇదే మేటి అని రాసింది. ఆ జట్టు 101 ఆటలు ఓడింది. అదే పత్రిక 2014లో, అంతకు ముందేడు 111 ఓడిన హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని అట్టమీద వేసి, 2017 ఛాంపియన్లు వీళ్ళేనంది. అందరూ నవ్వారు. 2017లో ఆస్ట్రోస్ నిజంగానే కప్పు గెలిచింది, అట్టమీద బొమ్మ వేసిన జార్జ్ స్ప్రింగరే సిరీస్‌లో మేటి ఆటగాడు! ఇంతకన్నా గొప్ప జోస్యం ఆటల చరిత్రలో ఉందా అని రెండేళ్ళు చెప్పుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, ఆ ఏడు ఆ జట్టు కెమెరాతో అవతలివాళ్ళ సైగలు చూసి, ఏ బంతి వస్తోందో తమ బ్యాటరుకి తెలిసేలా చెత్త డబ్బా మీద దరువేసేదని. అంకె సరిపోయింది, దారి వేరు. ఇలాంటప్పుడు జోస్యం చెప్పినవాడికి మార్కులు వెయ్యాలా వద్దా? నేనైతే సగం వేస్తాను.

సీజన్ మధ్యలో చెప్పే జోస్యాలూ గట్టివి కావు. 2011 సెప్టెంబరు మొదట్లో బోస్టన్ ప్లేఆఫ్స్ చోటు కోసం పోటీలో తొమ్మిది ఆటలు ముందుంది. ఆ నెలలో ఏడు గెలిచి ఇరవై ఓడి, ఆఖరి రాత్రి బయటికి పోయింది. పోయినేడు జూన్ మధ్యలో 45–24తో అందరికన్నా ముందున్న న్యూయార్క్ మెట్స్, వాన్ సోటో ఒక్కడికే పదిహేనేళ్ళకి 76.5 కోట్ల డాలర్లు ఒప్పుకున్న జట్టు, 83 దగ్గర ఆగి ప్లేఆఫ్స్ కూడా చూడలేదు.

సంక్రాంతికి మా వైపు కోడిపందేలు చూశారు కదా. మా పెదనాన్న గారి పెద్దబ్బాయికి కుక్కుట శాస్త్రం కంఠతా. ఏ నక్షత్రంలో, ఏ దిక్కుగా వదిలితే డేగ కాకిని కొడుతుందో, నెమలి ఎప్పుడు నెగ్గుతుందో గుక్కతిప్పకుండా చెప్తాడు. ఓడితే ముహూర్తం రెండు నిమిషాలు దాటిందంటాడు, లేకపోతే కత్తి కట్టినవాడిది తప్పంటాడు. "అన్నయ్యా, మూడు రోజులూ ఓ నోటు పుస్తకంలో రాయి, నువ్వు చెప్పింది ఎన్నిసార్లు జరిగిందో చూద్దాం" అన్నాను ఒకసారి. "ఒరే, ఇది శాస్త్రంరా, పాల పద్దు కాదు" అన్నాడు. కొబ్బరితోట రెండెకరాలు అలాగే పోయింది.

ఇక్కడి టీవీ నిపుణుల మాట వింటుంటే నాకు అన్నయ్య గొంతే వినిపిస్తుంది. పైగా ఇప్పుడు చర్చకీ చర్చకీ మధ్య పందెం కంపెనీల ప్రకటనలు. కాన్సస్‌లో 2022 సెప్టెంబరు నుంచి ఆటల పందేలు చట్టబద్ధం, వీధి దాటితే వచ్చే మిసోరిలో మొన్న డిసెంబరు నుంచి. జట్టుకో అంకె పెట్టి పైనా కిందా అని అడుగుతారు. జోస్యం నిజమైనా కాకపోయినా కంపెనీ వాటా కంపెనీకి వస్తుంది. చెప్పినవాడికి పోయేదేమీ లేదు, విన్నవాడికే.

మేం కూడా సచ్ఛీలురమేం కాదు. ఒక ఏడు మా పై అధికారి ఒకాయన మండలం అంకె చూసి, "ఒక్క బస్తా పెంచితే మీ సొమ్మేం పోయిందయ్యా" అన్నాడు. నా సొమ్మేం పోలేదు. పెంచాను.

ఇంకో తప్పు 1996లో. నవంబరు 6 రాత్రి కోనసీమ మీద గాలివాన పడింది. సార్వా వరి కోతకి వచ్చి ఉంది. అంతకు ముందే మండలానికి ఎకరాకి ఇన్ని బస్తాలు అని కాగితం పైకి పంపేశాం. తెల్లారి సైకిలు తీసుకుని బయల్దేరితే రోడ్డే లేదు. కొబ్బరి చెట్లు మొదళ్ళతో సహా లేచి అడ్డంగా పడున్నాయి, చేలు నీళ్ళలో పడుకుని ఉన్నాయి. మనుషులే వందల మంది పోయిన రోజుల్లో మా కాగితం సంగతి ఎవడు అడుగుతాడు? ఎవరూ అడగలేదు. కానీ నేను దాని గురించి చాలాకాలం ఆలోచించాను. గాలివాన వస్తుందని మేం చెప్పగలిగేవాళ్ళం కాదు. అయితే కార్తీకంలో గాలివానలు వచ్చే జిల్లాలో కూర్చుని, రాదనుకుని ఒకే ఒక్క అంకె రాసి పంపడం మాత్రం మా తప్పే. ఇన్ని నుంచి ఇన్ని దాకా అని రాసి ఉండాల్సింది. ఆ ఫారంలో అందుకు గడి లేదు.

బేస్‌బాల్‌లో ఆ గాలివాన పిచర్ మోచేతిలో ఉంటుంది. వేగంగా విసిరీ విసిరీ లోపలి నరంలాంటి కట్టు తెగుతుంది. 1974లో టామీ జాన్ అనే పిచరుకి ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు మొదటిసారి చేసిన ఆపరేషన్ ఇప్పుడు ఆ పిచరు పేరుతోనే చలామణీ. చేయించుకుంటే ఏడాదో ఏడాదిన్నరో ఆట బంద్. ఏ జట్టులో ఎందరికి తెగుతుందో మార్చిలో ఎవరికీ తెలీదు, ఎవరో కొందరికి తెగడం మాత్రం ఖాయం.

అందుకని ఈ ఏడు చీటీ మీద గడి నేనే గీశాను. ప్రతి అంకె పక్కనా అటూ ఇటూ పన్నెండు. నా పద్ధతిలో గొప్పేమీ లేదు. టామ్ టాంగో అనే ఆయన మార్సెల్ అని ఒక లెక్క పెట్టాడు, ఫ్రెండ్స్ సీరియల్లో కోతి పేరు అది. కోతికి కూడా వచ్చినంత లెక్క అని ఆయన ఉద్దేశం. ఆటగాడి గత మూడేళ్ళకి వరసగా అయిదు, నాలుగు, మూడు పాళ్ళు ఇచ్చి, సగటు వైపు కొంచెం లాగి, వయసుకి కొంచెం సవరించడమే. పెద్ద పెద్ద యంత్రాలు ఆ కోతిని దాటగలవు గానీ, చాలా దూరం దాటలేవు. అలా లాగడం వల్లే జోస్యాలు చప్పగా ఉంటాయి. ఏ యంత్రమూ మార్చిలో 41 వెయ్యదు, 116 వెయ్యదు. 2001లో సియాటెల్ 116 గెలిచింది, అదీ మేటి ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్ జట్టు వదిలి వెళ్ళిపోయిన ఏడు! ఎవడు వేస్తాడు?

డాడ్జర్స్‌కి 96 వేశాను. వరసగా మూడో కప్పు అంటున్నారు. 1998 నుంచి 2000 దాకా యాంకీస్ తర్వాత అది ఎవరికీ కుదరలేదు. అందరికన్నా మంచి జట్టు వీళ్ళదేనని ఒప్పుకుంటాను, కానీ డాడ్జర్స్ ఒకవైపు, మిగిలిన ఇరవై తొమ్మిది ఒకవైపు అంటే నేను ఇరవై తొమ్మిది వైపే. టొరంటోకి 87. మిల్‌వాకీ ప్రతి ఏడూ యంత్రాల మొహం పగలగొడుతుంది కాబట్టి కోతి చెప్పినదానికి మూడు కలిపి 88 వేశాను. ఇది శాస్త్రం కాదు, పాల పద్దు. అట్లాంటా 86. కొలరాడో 58. ఎంత చెడినా 43 రెండోసారి రావడం కష్టం. 41 గెలిచిన వైట్ సాక్స్ మరుసటేడు 60 గెలవలేదా? ఉగాదితో వచ్చింది పరాభవ నామ సంవత్సరం కదా, కొలరాడోవాళ్ళకి ఈ సంగతి చెప్పకండి.

ఈ ఏడు కొత్త చిక్కు ఒకటుంది. బంతి సరైన చోటికి వచ్చిందా లేదా అని అంపైరు చెప్పినదాన్ని ఆటగాళ్ళు యంత్రానికి అప్పీలు చేసుకోవచ్చు, జట్టుకి రెండేసి. క్రికెట్ డీఆర్ఎస్ లాంటిదే. పక్కకి పోయే బంతిని ఒడుపుగా లోపలికి లాగి అంపైర్ని నమ్మించే క్యాచర్ల విలువ దీంతో తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చెప్పడానికి పాత పద్దు లేదు. మా రాయల్స్ అయితే మైదానం గోడలే లోపలికి జరుపుతున్నారు. నిన్నటిదాకా గోడ ముందు క్యాచ్ అయినవి కొన్ని రేపు హోమ్ రన్లు. మా బ్యాటరు బాబీ విట్ జూనియర్‌కి మంచిదే. అవతలి జట్టు బ్యాటర్లకీ మంచిదే, ఆ మాట ఊళ్ళో ఎవరూ అనడం లేదు.

రాయల్స్‌కి నా పెన్సిలు 82 అంది. మనసు 87 అంది. పెన్సిలు మాటే రాశాను. మనవరాలు పక్కన "70 నుంచి 94" అని గడిలో నింపి, ఫ్రిజ్ మీద మాగ్నెట్ పెట్టింది. సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళిపోతాను, చివరి ఆటలు అమలాపురంలో తెల్లవారుజామున అయిదింటికి లేచి చూస్తాను, ఎర్ర సిరా పని ఆమెదే.

నిన్న సాయంత్రం పక్కింటి పెద్దాయన వచ్చాడు. కాఫీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని చీటీ అంతా చదివాడు. తన అంకె అడిగి రాయించుకున్నాడు. 95. నా గడి 94 దగ్గర ఆగిందని అప్పుడు చూశాడు. "ఒక్కటి జరపచ్చు కదా, ఒక్క ఆట, నీదేం పోయింది" అని మూడుసార్లు అడిగాడు.

జరపలేదు.